పెన్సిల్ రాత

శుభలేఖకు నాలుగు మూలలా పసుపు ఉంది. కవరు మీద మా చిరునామా పక్కన ఎర్రటి వేలిముద్ర కూడా ఒకటి పడి ఉంది. కుంకుమ అంటుకుందేమో అనుకున్నాను. అమ్మ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా తుమ్మి, "కుంకుమ కాదురా, కారం. కళ్లంలో కూర్చుని రాసుంటాడు వీడు శుభలేఖలు" అంది.

వీడంటే, పర్చూరు బళ్లో ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నవాడు. 2001లో మేం ఊరు వదిలి హైదరాబాద్ వచ్చేశాం. వాడు ఉండిపోయాడు. డిగ్రీలో ఉండగా వాళ్ల నాన్నకు పక్షవాతం వస్తే పొలంలో దిగాడు, మళ్లీ గట్టెక్కింది లేదు. నాకు పెళ్లయి పదకొండేళ్లు, మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. వాడికి ఇప్పుడు, ముప్ఫై తొమ్మిదో ఏట, పెళ్లి.

మా వైపు ఇది వింతేం కాదు. "అబ్బాయి ఏం చేస్తాడు?" అన్నదానికి "వ్యవసాయం" అని జవాబొస్తే చాలు, వచ్చినవాళ్లు మంచినీళ్లు తాగి లేస్తారు. ఎనిమిదెకరాల నల్లరేగడి ఉన్నవాణ్ణి కాదని, కూకట్‌పల్లిలో రెండు గదుల అద్దెకొంపలో ఉన్న నాబోటి వాడికి పిల్లనిస్తారు. ఆ సంగతి వాడెప్పుడూ ఎత్తలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "ఈ ఏడు రేటు నిలబడితే చేసేసుకుంటా రా" అనేవాడు. రేటున్న ఏడు కాయ లేదు, కాయ ఉన్న ఏడు రేటు లేదు. అట్లా ఏళ్లు గడిచాయి.

2025 ఫాల్గుణ మాసం మొదట్లో నలుగురం కారెక్కాం: అమ్మ, నేను, నా భార్య, అమ్మాయి. నా భార్యది అమలాపురం పక్కన కోనసీమ పల్లె. మా ఊరు చూడటం ఆమెకిదే మొదటిసారి. అక్కడ మాకు ఇల్లు లేదు, పొలం లేదు, తీసుకెళ్లి చూపించడానికి ఇన్నాళ్లూ ఒక సాకు కూడా లేదు.

* * *

వాడపల్లి దగ్గర కృష్ణ దాటాం. హైదరాబాద్ మురికంతా మోసుకొచ్చిన మూసీ ఇక్కడే కృష్ణలో కలుస్తుంది. అమ్మ కారులోంచే దండం పెట్టి "మనతో పాటే వచ్చాయిరా మన వీధి నీళ్లు" అని నవ్వింది. వంతెన అవతల పొందుగుల, ఆంధ్రప్రదేశ్. దాచేపల్లి దాటి పిడుగురాళ్ల చేరేసరికి సున్నపు బట్టీల పొగ, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. మా అమ్మాయి "ఇక్కడ మంచు పడిందా నానమ్మా?" అని అడిగింది. మార్చి ఎండ కారు అద్దాలు కాలుస్తోంది.

నరసరావుపేట దాటాక కుడిచేతి వైపు కోటప్పకొండ కనపడింది. మూడు శిఖరాల కొండ, అందుకే పైనున్న శివుడు త్రికూటేశ్వరుడు. ఆ కొండ మీద కాకి వాలదంటారు. శివరాత్రి తిరునాళ్లయి ఇంకా పది రోజులు కాలేదు. రోడ్డు పక్క ఊళ్లలో విప్పేసిన ప్రభల చట్రాలు, చిరిగిన రంగు కాగితాలు, చుట్టలు చుట్టిన దీపాల తీగలు. ఇక్కడి విద్యుత్ ప్రభలు ఎనభై అడుగులు కూడా దాటుతాయి. చిన్నప్పుడు ట్రాక్టరు మీద నిలబడి ప్రభ వెంట వెళ్లిన సంగతి నేను ఎంతో గొప్పగా చెప్పుకొస్తుంటే నా భార్య మధ్యలో అందుకుంది: "మా జగ్గన్నతోటలో కనుమ నాడు ప్రభల్ని భుజాల మీద మోస్తారండీ. వరిచేలలోంచి, కాలవ నీళ్లలోంచి. మీరేంటి, చక్రాల మీదా?" నిజమే. మా మెట్ట నేల మీద కాలవలు అడ్డం రావు, పైగా కొండ పక్కనుంది కాబట్టి ప్రభ ఎంత ఎత్తు కట్టినా సరిపోదు. దాంతో పోటీ పడటమే మావాళ్ల పని.

చిలకలూరిపేటని మేమంతా పేట అనే అంటాం. చుట్టూ, ముఖ్యంగా గణపవరం పరిసరాల్లో, స్పిన్నింగ్ మిల్లులు. షిఫ్టు మారే వేళ అనుకుంటా, ఆటోల నిండా ఆడవాళ్లు, కొందరి జడల్లో ఇంకా దూది నూగు. వాళ్లను చూడగానే అమ్మ మాట్లాడటం మానేసింది. పేట దాటాక తనే మొదలుపెట్టింది.

నాగార్జునసాగర్ కుడి కాలువకు 1967లో నీళ్లొదిలారు. ఆ తరవాత జొన్నలు, కొర్రలు పండే నేలల్లోకి పత్తి దిగింది. తెల్ల బంగారం అన్నారు. ఉన్నవాళ్లు సొంతంగా వేశారు, లేనివాళ్లు కౌలుకు తీసుకుని వేశారు. మా నాన్న రెండో రకం. 1987లో ఆరెకరాలు కౌలు పట్టాడు. కాయతొలుచు పురుగుకని కొత్తరకం మందులు కొట్టీ కొట్టీ తెల్లదోమని తినే పురుగుల్ని కూడా చంపుకున్నారు. దోమ విరగబడింది. పైగా అది కరువు సంవత్సరం. "చేలోకెళ్లి ఆకు తిరగేస్తే పొయ్యిలో బూడిద లేచినట్టు లేచేవి" అంది అమ్మ. "మీ నాన్న చొక్కా ఉతికితే బకెట్లో నీళ్లు పాలలాగా అయ్యేవి. అంత మందు కొట్టాడు. దోమ చావలా." గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఆ ఏడు పత్తి రైతులు చాలామంది అదే మందు తాగారు. వరంగల్ పత్తి చావుల గురించి దేశమంతా చెప్పుకోవడానికి పదేళ్ల ముందు మాట ఇది. నాన్న తాగలేదు. అమ్మ మెడలో ఉన్నది అమ్మి మందుల కొట్టు బాకీ కట్టి, పేటలో ఒక జిన్నింగ్ మిల్లులో గుమాస్తాగా చేరాడు. పదమూడేళ్లకు అదీ మూతపడితే హైదరాబాద్ బండెక్కాం. ఈ కథ నాకు ముక్కలుగా తెలుసు. వరసగా వినడం మాత్రం ఆ రోజే. ఇన్నాళ్లూ హైదరాబాద్‌లో ఎందుకు చెప్పలేదంటే, "అక్కడ ఆ వాసన లేదుగా" అంది.

వెనక్కి తిరిగి చూస్తే ఉత్తరాన కొండవీటి కొండలు మసగ్గా కనిపిస్తున్నాయి. రెడ్డిరాజులు రాజధానిని అద్దంకి నుంచి మార్చుకున్నది అక్కడికే. అంటే మా నేల మీద రాజులు కూడా ఊరు మారినవాళ్లే. కొండవీటి కొలువులో ఉన్న శ్రీనాథుడి పేరు మీద పల్నాటి జొన్నకూటిని తిట్టే చాటువులు చాలా తిరుగుతాయి. ఆయనకు ఇంకో లోటు కూడా ఉందని ఆ కొండల్ని చూస్తుంటే తట్టింది. ఆయన జన్మలో ఒక్కసారి కూడా మిరపకాయ తినలేదు! ఆయన నాటికి మన దేశంలో ఆ కాయే లేదు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు పోర్చుగీసు ఓడలు అమెరికా నుంచి తెచ్చిన గింజ అది. ఆయన నాలిక మీద మండిన కారం ఎక్కువగా మిరియానిది. పొగాకూ అట్లా వచ్చిందే. మిల్లుల్లో ఇప్పుడు ఆడే పత్తిలో ఎక్కువ భాగమూ అమెరికా జాతిదే. గుంటూరు పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేవన్నీ బయటినుంచి వచ్చి ఇక్కడ వేళ్లూనినవే. ఎన్నేళ్లుంటే పరాయిది సొంతమవుతుందో, ఎన్నేళ్లు లేకపోతే సొంతవాడు పరాయివాడవుతాడో, మిరపచేలు కనపడటం మొదలయ్యేదాకా అదే ఆలోచిస్తూ నడిపాను.

* * *

కోనసీమలో కళ్లు ఎక్కడా నిలవవు. కొబ్బరిచెట్టు, అరటి, కాలవ, మళ్లీ కొబ్బరిచెట్టు. మా నేల మీద చూపుకు అడ్డమేదీ ఉండదు. మార్చిలో నల్లరేగడి బీటలు తీసి ఉంటుంది, బిడ్డ పాదం దిగేంత వెడల్పు. శనగ పీకేసిన చేలు, ఏరడం అయిపోయి నిలబడ్డ పత్తి కట్టె, పందిళ్ల కింద తాళ్లకు వేలాడే పొగాకు. వాటి మధ్య అక్కడక్కడా నేల మీద ఎర్ర తివాచీ పరిచినట్టు మిరప కళ్లాలు. నా భార్య చాలాసేపు చూసి "ఇంత ఖాళీగా ఉందేంటండీ?" అంది. తరవాత "ఆకాశం మాత్రం మీకే ఎక్కువుంది" అని సరిచేసుకుంది.

ఊరి మొదట్లో బోర్డు మీద బాపట్ల జిల్లా అని ఉంది. అమ్మ ఫక్కున నవ్వింది. "నేను ఈ ఊళ్లో పుట్టినప్పుడు గుంటూరు జిల్లా. కాపురం చేసింది ప్రకాశం జిల్లాలో. ఇప్పుడు పెళ్లికొచ్చింది బాపట్ల జిల్లాకా?" 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, రెండేళ్లకు టంగుటూరి ప్రకాశం పంతులి పేరు పెట్టుకుంది. 2022లో మళ్లీ గీతలు మారాయి. ఊరు ఉన్నచోటే ఉంది, మూడు జిల్లాలు వచ్చిపోయాయి.

పందిరి వేసిన ఇంట్లో పెళ్లికొడుకు లేడు. పొద్దున నలుగు పెట్టి పెళ్లికొడుకుని చేశారు, గడప దాటకూడదు. అయినా పడమట మబ్బు పట్టగానే పసుపు బట్టల్తోనే కళ్లానికి పరిగెత్తాడట. వాళ్లమ్మ, నేను అత్తా అని పిలుస్తాను, అరుగు మీద నిలబడి మా అమ్మని కూడా పలకరించకుండా "చూడొదినా, వీడికి పెళ్లి కావాల్నా, కాయ కావాల్నా?" అని మొదలెట్టింది. మేమూ కళ్లానికే వెళ్లాం.

వాడు నన్ను చూసి చేసిన మొదటి పలకరింపు: "వచ్చావా, ఆ కొస పట్టుకో."

పట్టా కొస పట్టుకున్నాను. పెద్ద నీలం పట్టా గాలికి తెరచాపలా లేస్తోంది. తేజ రకం కాయ, సన్నగా, వేలెడు. కోసిన పండుకాయని ముందు కుప్ప పోసి కప్పి ఉంచుతారు, అప్పుడు రంగు సమంగా తిరుగుతుంది. తరవాత పలచగా పరిచి, తిరగేస్తూ, రాత్రుళ్లు మంచు పడకుండా కప్పుతూ పదీ పన్నెండు రోజులు ఎండబెడతారు. గుప్పెడు తీసుకుని చెవి దగ్గర ఆడిస్తే గింజ గలగలమనాలి. ఆఖరి రెండు రోజుల్లో చినుకు పడిందా, కాయ తెల్ల మచ్చలు తేలి తాలవుతుంది. తాలుకాయకి సగం రేటు పలకడం కూడా కష్టం. ఏడాది కష్టమంతా ఆ ఒక్క చినుకు కింద ఉంటుంది. పట్టా అంచుల మీద రాళ్లు పెడుతుంటే పసుపు పూసిన వాడి చేతులు మోచేతుల దాకా ఎర్రబడ్డాయి. ఆ వాన రానే లేదు. మబ్బు సముద్రం వైపు పోయింది.

కళ్లంలో పనిచేస్తున్నవాళ్లు కర్నూలు జిల్లా పడమటి నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి వచ్చిన కూలీలు. సంక్రాంతి అటూ ఇటూగా పిల్లాజెల్లాతో వస్తారు, కోతకి కిలోకి ఇంతని లెక్క, ఉగాదికి వెళ్లిపోతారు. నా భార్య సాయం చేయబోయి నాలుగు కాయలు ఎత్తి అదే చేత్తో కన్ను నలుపుకుంది. ఇక చూడాలి! నేను నీళ్ల సీసా మూత తీస్తుంటే వాళ్లలో ఒకావిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నీళ్లు వద్దన్నా, ఇంకా మండుతాది. ముందు నూనె." తన గుడిసెలోంచి కొబ్బరినూనె తెచ్చి చేతులకు రాసి, కొంగు కొస తడిపి కన్నీళ్లు కారిపోయేదాకా కంటిచుట్టూ తుడిచింది. డబ్బులివ్వబోతే నవ్వి, పెళ్లింటివాళ్లు అంది. ఆమె కూతురిది మా అమ్మాయి వయసే. తాలుకాయ ఏరుతోంది. వేళ్లు ఎంత వేగంగా కదులుతున్నాయంటే మా అమ్మాయి పక్కన కూర్చుని గుడ్లప్పగించి చూసింది. "నీకు స్కూలు లేదా?" అని అడిగితే ఆ పిల్ల "ఉంది, ఊళ్లో" అంది. ఆ జవాబు మా అమ్మాయికి రెండు రోజులు అర్థం కాలేదు.

* * *

ఆ రాత్రి పందిట్లో మంచాల మీద పడుకున్నాం. నిద్ర పట్టక వాడూ నేనూ మాట్లాడుకున్నాం. అంతకు రెండేళ్ల ముందు క్వింటా 20 వేలు దాటిన కాయ ఆ ఫిబ్రవరికి సగానికి పడింది. కేంద్రం కల్పించుకుని క్వింటాకు 11,781 రూపాయలని లెక్క కట్టింది. కోతకూలి, మందులు పోగా ఆ లెక్కలో మిగిలేది లేదని వాడి లెక్క. అందుకే గుంటూరు యార్డుకు తోలకుండా బస్తాలన్నీ ఏసీలో పెడుతున్నాడు. ఏసీ అంటే ఇక్కడ శీతల గిడ్డంగి. పక్క మంచం మీద నిద్ర నటిస్తున్న మా అమ్మాయి లేచి కూర్చుంది: "మిరపకాయలకి ఏసీ ఉందా? మనకే లేదు కదా నాన్నా!" వాడు పగలబడి నవ్వాడు. "నిజమే తల్లీ. కాయకి ఏసీ, పెళ్లికొడుక్కి దోమలు."

మరి ఇంత పాడు ఏడాదిలో పెళ్లేంటని అడిగాను.

2021 చివర్లో మిరప తోటల మీద నల్ల తామర పురుగు పడింది. పూతలో దూరి పూతనే రాల్చేసింది. పచ్చగా ఏపుగా ఉన్న తోట, ఒక్క కాయ లేదు. అప్పుడు గ్రామ సచివాలయంలో ఉద్యాన సహాయకురాలిగా ఉన్న అమ్మాయి నీలిరంగు జిగురు అట్టలు పట్టుకుని పొలానికొచ్చింది. వీడు డ్రమ్ములో మూడు మందులు కలుపుతూ దొరికిపోయాడు. "ఏమండీ, పురుగుని చంపుతున్నారా, తోటని చంపుతున్నారా?" అని నలుగురిలో కడిగేసింది. "మూడేళ్లు తిడతానే ఉంది రా. తిట్టే మనిషి ఇంట్లోనే ఉంటే మందుల ఖర్చు తగ్గుద్దిగా" అన్నాడు. ఆమెది అద్దంకి వైపు. ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు చెల్లెళ్ల పెళ్లిళ్లు చేసింది. వీడు మామూలుగానే రేటొచ్చాక చేసుకుందామన్నాడట. ఆమె ఒప్పుకోలేదు. రేటు మన చేతిలో లేదు, ముహూర్తం ఉందంది.

కాసేపాగి నేను ఊరు ఎంత గుర్తొస్తుందో చెప్పబోయాను. వాడు మధ్యలోనే "నీకు ఊరంటే గుర్తు రా. నాకు పొద్దున్నే లేవడం" అని అటు తిరిగి పడుకున్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఇంటికి చేరాక కూడా నేను చాలాసార్లు తలచుకున్న మాట అదే.

* * *

ముహూర్తం తెల్లవారుజామున. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తెర తీశారు. ఆమె నవ్వింది, వాడు తుమ్మాడు. అపశకునమని ఎవరో అనబోతే పురోహితుడు "ఈ ఊళ్లో తుమ్ముకి శకునం లెక్కలేదు" అన్నాడు. తలంబ్రాల పళ్లెం ముందుగా ఖాళీ చేసింది పెళ్లికూతురే.

భోజనాలు బంతులుగా. నా భార్య అరిటాకులో పూర్ణాన్ని చూపించి మా వైపు బూరె అంటారండీ అంది. వడ్డించేవాడు "ఏ పేరైతే ఏంలేమ్మా, నెయ్యి పట్టండి" అంటూ పూర్ణానికి వేలితో చిల్లి పెట్టి దాన్నిండా నెయ్యి పోశాడు. చాలని ఆకు మీద చెయ్యి అడ్డం పెడితే కోనసీమలో ఆగి, బతిమాలి వడ్డిస్తారు. ఇక్కడ చెయ్యి పక్కకి తోసి వడ్డిస్తారు. రెండూ మర్యాదలే. గోంగూరలో ఉల్లిపాయ నంజుకుంటూ, పండుమిరపకాయల పచ్చడి జోలికి పోకుండా జాగ్రత్తగా తింటున్న ఆమెను చూసి ఎదుటి బంతిలో ఒక ముసలామె "గోదారి పిల్లవా? అయితే పెరుగులో కలుపుకో తల్లీ, ఎవరూ ఏమనుకోరులే" అని ధైర్యం చెప్పింది. హైదరాబాద్ విందుల్లో పళ్లెం పట్టుకుని వరసలో నిలబడే మాకు, అపరిచితులు ఇట్లా మన ఆకులో తల దూర్చడం మొదట ఇబ్బందిగా, తరవాత హాయిగా అనిపించింది.

పందిరి చివర బల్ల వేసుకుని ఒక పెద్దాయన చదివింపులు రాస్తున్నాడు. పక్కన మైకు. నేను కవరు ఇచ్చాను.

"పేరు?"

చెప్పాను.

"ఊరు?"

నోరు తెరిచి ఆగాను. వెనకనుంచి నా భార్య "హైదరాబాద్" అని, అమ్మ "పర్చూరు" అని ఒకేసారి అన్నారు. పెద్దాయన కళ్లజోడు పైనుంచి చూసి "మీ తాత పేరేంది?" అన్నాడు. చెప్పాను. తలాడించి, నా పేరు కొట్టేసి, ఇంటిపేరుతో మా నాన్న పేరు రాసి పక్కన నా పేరు ఇరికించాడు. "చదివింపు ఇంటికి రాయాల అబ్బాయ్. రేపు మీ పాప పెళ్లికి వీళ్లు తిరిగి పెట్టాలంటే, ఏ ఇల్లని వెతుక్కుంటారు?" ఆ తరవాత మైకులో మా నాన్న పేరు, ఊరి పేరు వినిపించాయి. ఇరవై నాలుగేళ్ల తరవాత. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

మధ్యాహ్నం అత్త ట్రంకుపెట్టె తీసి పాత పుస్తకం ఒకటి మా ముందు పెట్టింది. 1984లో ఆమె పెళ్లి చదివింపులు. పొడుగు లెడ్జరు, ఎర్రగుడ్డ అట్ట, అంచులకు పసుపు. పేర్లన్నీ సిరాతో, గుండ్రటి అక్షరాలు. మూడో పేజీలో మా తాత, పక్కన 16 రూపాయలు. చాలా పేర్ల పక్కన పెన్సిల్‌తో వేరే చేతి రాత ఉంది: సింధనూరు క్యాంపు. వరంగల్. ఆదోని. హైదరాబాద్. డాలస్. కొందరి పక్కన చిన్న చుక్క మాత్రమే, అంటే ఇక లేరని. శుభలేఖలు పంపడానికి నలభై ఏళ్లుగా అత్తే రాసుకుంటోంది. పత్తి దెబ్బతిన్నాక తుంగభద్ర కాలువ కింద నేలలు వెతుక్కుంటూ పోయినవాళ్లు, తెలంగాణ ఎర్రనేలల్లో మిరప వేయడానికి పోయినవాళ్లు, పిల్లల చదువులకని పోయినవాళ్లు అందరూ ఆ అంచుల్లో ఉన్నారు. మా అమ్మాయి మొదటి మూడు పేజీల్లో లెక్కబెట్టింది. 66 పేర్లు. పెన్సిల్ పడనివి 19.

మా నాన్న మందుల కొట్టు బాకీ పైసాతో సహా తీర్చాడు. తీరిన రోజే ఆ కొట్టుతో మాకు సంబంధం పోయింది. చదివింపు లెక్క వేరు. పదహారుకి నూటపదహారు, నూటపదహారుకి వెయ్యినూటపదహారు. పెట్టినదానికంటే ఎప్పుడూ కాస్త ఎక్కువే తిరిగి పెట్టాలి కాబట్టి ఆ ఖాతా ఎన్నటికీ సరిసమానం కాదు. ఎవరో ఒకరు ఎప్పుడూ బాకీ ఉంటారు. అందుకే ఎవరూ తెగిపోరు.

* * *

మర్నాడు సముద్రం చూపిద్దామని అమ్మాయిని చీరాల మీదుగా ఓడరేవుకి తీసుకెళ్లాను. దారిలో కారంచేడు. 1985 జులై 17న ఇక్కడ ఆరుగురు దళితుల్ని వెంటాడి చంపారు. మిగిలినవాళ్లు ప్రాణాలు దక్కించుకుని చీరాల పారిపోయి, తిరిగి ఆ ఊరు పోమని అక్కడే ఉండిపోయారు. దళిత మహాసభ పుట్టింది ఆ శిబిరం వెనకే. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రావడానికీ కారణాల్లో ఆ నెత్తురొకటి. మేం ఊరు వదలడంలో బాధ ఉంది, భయం లేదు. తిరిగొస్తే పందిట్లో కుర్చీ వేశారు, మైకులో పేరు చదివారు. అత్త లెడ్జరులో ఏ పేటవాళ్ల పేర్లున్నాయో, ఏ పేటవాళ్లవి లేవో నేను చూడలేదు. ఆ రోడ్డు మీదికొచ్చేదాకా చూడాలని తోచనూ లేదు.

చీరాల చేరాక ఇంకో వలస గుర్తొచ్చింది. 1921లో మునిసిపాలిటీ పన్నులు కట్టబోమని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల, పేరాల జనం ఇళ్లొదిలి ఊరి బయట రామనగర్‌లో గుడిసెలేసుకుని పదకొండు నెలలున్నారు. పాఠ్యపుస్తకంలో ఉన్న వలస అది. మా అమ్మాయి దాన్ని శ్రద్ధగా విని, అలలు కాళ్లకు తగులుతుంటే అడిగింది: "కళ్లంలో అమ్మాయి కూడా అట్లాగే వచ్చిందా? ఎవరి మీద కోపంతో?" కోసిగి వైపు వానల గురించి, అప్పుల గురించి నాకు తెలిసింది చెప్పాను. సగం చెప్పేసరికి, ఇందులో సగం మా నాన్న కథేనని అర్థమైంది.

బయల్దేరే పొద్దున పెళ్లికొడుకు ఇంట్లో లేడు. బస్తాలు తొక్కించి ఏసీకి తోలుతున్నాడు. కొత్త పెళ్లికూతురు ట్రాక్టరు పక్కన నిలబడి చీటీ మీద లెక్క రాస్తోంది. కారు డిక్కీలో ఐదు కిలోల కాయ, గోంగూర పచ్చడి జాడీ పెట్టించింది అత్త. తరవాత లెడ్జరు తీసుకొచ్చి, కళ్లు ఆనడం లేదని మా అమ్మాయి చేతికిచ్చింది. మా తాత పేరు పక్కన 2001లో తను రాసిన కూకట్‌పల్లి చిరునామా ఉంది. మేం అక్కణ్ణుంచి మారి ఆరేళ్లయింది. శుభలేఖ మాకు చేరింది పాత ఇంటివాళ్ల దయ వల్ల.

"కొత్తది రాయి తల్లీ."

మా అమ్మాయి తన బాక్సులోంచి పెన్ను తీసింది. "పెన్నుతో రాయనా? చెరిగిపోకుండా ఉంటుంది."

"పెన్ను వద్దమ్మా, పేర్లకే పెన్ను. ఊళ్లకి పెన్సిలే రాయాల" అంది అత్త. "మళ్లీ మారతారుగా."

అమ్మాయి రబ్బరుతో కూకట్‌పల్లిని నెమ్మదిగా చెరిపింది. కాగితం మీద అచ్చు మాత్రం ఉండిపోయింది. దాని మీదే కొత్తది రాసింది.